మాస్టరింగ్‌తో తీరని సమస్య: ఒక సింథ్-పాప్ ఆల్బమ్ కేస్ స్టడీ

నేపథ్యం

నల్లగొండలో నాది చిన్న మిక్సింగ్ గది. వచ్చే పనిలో ఎక్కువ భాగం జానపదం. సీజన్‌లో బతుకమ్మ పాటలు, ఎన్నికలొస్తే ప్రచార పాటలు. వాటిలో ఎదురయ్యే ఇబ్బందులు దాదాపు ముందే తెలిసినవి. డప్పు గొంతును మింగేస్తుంది, కోరస్ శ్రుతి జారుతుంది, పాట తెచ్చినాయన సౌండ్ ఇంకా పెంచమంటాడు. ఈ కేసు అలా లేదు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి సొంతంగా చేసుకొచ్చిన సింథ్-పాప్ (సింథసైజర్ మీద నడిచే పాప్ పాటలు) ఆల్బమ్ ఇది. ఆ ఇద్దరి అనుమతి తీసుకుని రాస్తున్నాను. పేర్లు, ఊరు, ఆల్బమ్ పేరు, పాటల సాహిత్యం వదిలేశాను. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

ఇద్దరూ ఇంజినీరింగ్‌లో క్లాస్‌మేట్లు. అబ్బాయి సింథసైజర్, ప్రోగ్రామింగ్ చూస్తాడు. అమ్మాయి రాస్తుంది, పాడుతుంది. ఒకరు యంత్రాల దగ్గర, ఒకరు మైకు ముందు అనే ఈ పద్ధతి 1980ల మొదట్లో బ్రిటన్ సింథ్-పాప్‌లో బాగా నడిచింది. సింథ్‌లు, డ్రమ్ మెషీన్లు సామాన్యులు కొనగలిగే ధరకు దిగడం, 1983లో మిడి వచ్చి వేరువేరు కంపెనీల యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలవడంతో, బ్యాండు మొత్తం చేసే పని ఇద్దరితో అయిపోయింది. వీళ్ల దగ్గరున్నది ఒక సెకండ్‌హ్యాండ్ డిజిటల్ సింథ్, ల్యాప్‌టాప్, రెండు ఛానెళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు. రికార్డింగ్ అంతా అబ్బాయి ఇంట్లో మేడ మీద గదిలో జరిగింది.

ఆల్బమ్‌ది ఒకే కథ. రాత్రి కరెంటు. సాగుకు కరెంటు విడతలుగా, తరచూ అర్ధరాత్రి వచ్చే రోజుల్లో మోటరు వేయడానికి పొలానికి పోయిన ఒక రైతు, ఆ ఒక్క రాత్రి. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. అంతకుముందు సంగతి అమ్మాయికి బాగా తెలుసు. ఆమె నాయిన అట్లా పోయినవాడే. టార్చిలైటు, పాముల భయం, తడి చేత్తో స్టార్టర్ ముట్టుకోవద్దని ఇంట్లోవాళ్లు చెప్పి పంపడం, ఇవన్నీ ఆమె పాటల్లో ఉన్నాయి. కరెంటు మీద ఆల్బమ్‌ను కరెంటుతో మోగే వాద్యంతో చేయాలన్నది అబ్బాయి ఆలోచన. వినగానే నాకు నచ్చింది.

వాళ్లు చెప్పిన సమస్య, నాకు వినిపించిన సమస్య

తొమ్మిది పాటలు, వాటి మధ్య కథ చెప్పే మాటల ముక్కలు. పెన్‌డ్రైవ్ ఇచ్చి అబ్బాయి అడిగిన మాట: "అన్నా, మిక్స్ అయిపోయింది. ఎందుకో పానం లేదు. మాస్టరింగ్‌ల సెట్టయితది గదా?"

ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. మాస్టరింగ్ అంటే ట్రాకులన్నీ కలిపి మిక్స్ చేసిన పాటకు విడుదల ముందు చేసే ఆఖరి మెరుగు. దానిలో సెట్టయ్యేవి కొన్ని ఉన్నాయి, పానం వాటిలో లేదు. అయినా ముందే ఆ మాట అనను. క్లయింటు చెప్పిన జబ్బు పేరు తప్పు కావచ్చు గానీ నొప్పి నిజమే అయి ఉంటుంది. అందుకని మొదట ఏ నాబ్ ముట్టుకోకుండా మొదటి నుంచి చివరి దాకా విన్నాను.

రెండు సంగతులు తేలాయి. ఒకటి, పాటలన్నీ జీ మైనర్‌లోనే (జీ స్వరం ఆధారంగా, విషాదంగా వినిపించే శ్రుతి) ఉన్నాయి, వేగం నిమిషానికి 100 బీట్ల చుట్టుపక్కలే, గొంతు మీద ఒకే పొడవాటి రివర్బ్ (మారుమోగే ప్రతిధ్వని). ఏ పాటకాపాట బాగుంది. నాలుగో పాటకు వచ్చేసరికి మాత్రం చెవి పక్కకు పోతోంది. విషాదం తగ్గకూడదని వాళ్లు ప్రతి చోటా విషాదమే పెట్టారు. రెండోది వింతగా ఉంది. బేస్‌లో కొన్ని స్వరాలు బలంగా మోగుతున్నాయి, కొన్ని మాయమవుతున్నాయి. మాయమవుతున్నవి ఏవో కావు, జీ, దాని పంచమం డీ. అంటే పాట నిలబడాల్సిన రెండు కాళ్లు.

మొదట మాస్టరింగ్‌నే ప్రయత్నించాం

వాళ్లు అడిగింది అదే కాబట్టి దాంతోనే మొదలుపెట్టాను. వాళ్ల మిక్స్ అప్పటికే లిమిటర్‌తో (సౌండ్ హద్దు దాటకుండా నొక్కే సాధనం) నొక్కేసి మైనస్ 8 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర ఉంది. స్ట్రీమింగ్ యాప్‌లు మామూలుగా మైనస్ 14 దగ్గరికి దించేస్తాయి కాబట్టి ఆ నొక్కుడుతో లాభం ఏమీ ఉండదు, ఎత్తుపల్లాలు మాత్రం పోతాయి. లిమిటర్ తీసేసిన ఫైళ్లు తెప్పించి, కింది ఫ్రీక్వెన్సీలను ఈక్యూతో (ఫ్రీక్వెన్సీలను విడిగా పెంచే, తగ్గించే సాధనం) లేపాను. ఉన్న స్వరాలు ఇంకా లావెక్కాయి, లేనివి లేనట్టే ఉండిపోయాయి. ఈక్యూ ఉన్నదాన్ని పెంచగలదు, అంతే. కాబట్టి గొడవ ఇంకా వెనక, రికార్డింగ్‌లో ఎక్కడో ఉంది. ప్రాజెక్ట్ ఫైళ్లు మొత్తం అడిగాను.

తెరిచి చూస్తే ప్రతి ట్రాక్ మీద 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర నాచ్ ఫిల్టర్లు (ఒక ఫ్రీక్వెన్సీ చుట్టూ మాత్రమే కోసేవి) ఉన్నాయి. హమ్, అంటే కరెంటు వల్ల రికార్డింగ్‌లో చేరే గుయ్‌మనే మోత, పోగొట్టడానికి అబ్బాయి పెట్టాడట. మన కరెంటు 50 హెర్ట్జ్. ఎర్తింగ్ సరిగ్గా లేని ఇంట్లో సింథ్ అడాప్టర్, ల్యాప్‌టాప్ ఛార్జర్, ఇంటర్‌ఫేస్ కలిసి గ్రౌండ్ లూప్ (ఎర్త్ ఒకటి కన్నా ఎక్కువ దారుల్లో కలిసి చుట్టు పడటం) అయితే ఆ 50, దాని గుణిజాలు ఆడియోలో చేరతాయి. ఫిల్టర్‌తో కోయడం తప్పు అనను, అందరూ చేస్తారు. కాకపోతే అతని నాచ్‌లు కాస్త వెడల్పుగా ఉన్నాయి. కింది జీ స్వరం 49 హెర్ట్జ్, దాని పైది 98, డీ సుమారు 147. మూడూ సరిగ్గా ఆ మూడు గోతుల్లో పడ్డాయి. జీ మైనర్‌లో ఆల్బమ్ చేసి, జీని, డీని తీసేసుకున్నారన్నమాట. పాట వేరే శ్రుతిలో ఉంటే ఈ నష్టం ఇంతగా తెలిసేది కాదేమో.

ఇక్కడ తీసుకోవాల్సిన నిర్ణయం ఒకటి ఉంది. పాటలన్నిటినీ వేరే శ్రుతికి మార్చొచ్చు, లేదా రికార్డింగ్ మళ్లీ చేయొచ్చు. మొదటిది తేలిక, మిడిలో ఉండేది చప్పుడు కాదు, ఏ స్వరం ఎప్పుడు మోగాలన్న సమాచారం కదా, ఒక క్లిక్. గొంతు మాత్రం మిడి కాదు. అమ్మాయికి ఆ శ్రుతిలో కింది స్వరాలు అందంగా పలుకుతున్నాయి, అవి పోతాయి. సింథ్ భాగాల మిడి డేటా అంతా పదిలంగా ఉంది కాబట్టి వాటిని మళ్లీ రికార్డ్ చేయడానికే మొగ్గాను. ఈసారి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిపించి, సింథ్‌కు, ఇంటర్‌ఫేస్‌కు మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (సిగ్నల్‌ను విడదీసి పంపే చిన్న డబ్బా) పెట్టి గ్రౌండ్ లిఫ్ట్ వేశాం, అంటే ఆడియో కేబుల్‌లో ఎర్త్ కలిసే దారి తెంచాం. హమ్ దాదాపు పోయింది. కరెంటు పోయినప్పుడు ఆ ఇంటి ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ ఇస్తుంది, దాని బుర్రుమనే చప్పుడు హమ్ కన్నా అన్యాయం, ఆ టైమ్‌లో రికార్డింగ్ ఆపేశాం. ఒక మాట: హమ్ పోతుందని ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను విరగ్గొట్టేవాళ్లను చూశాను. దయచేసి చేయకండి. ప్రాణం మీదికి వస్తుంది.

గొంతు మీది నాచ్‌లన్నీ తీసేసి మామూలు హై-పాస్ (కింది ఫ్రీక్వెన్సీలను ఆపే ఫిల్టర్) పెడితే సరిపోయింది. ఆమె స్వరాలు 100 హెర్ట్జ్‌కు చాలా పైనే ఉంటాయి.

డప్పు ఎందుకు అతకలేదు

బేస్ తిరిగొచ్చింది. ఆల్బమ్ మాత్రం ఇంకా ఒకే రంగులో ఉంది. అప్పుడు ఒక స్నేహితుడి సలహా మీద అబ్బాయి డప్పు, ఒగ్గు డోలు పెడదామన్నాడు. 'మనదనం' వస్తుందని. డప్పు వాయించేవాళ్లు నాకు తెలుసు, పిలిపించి రెండు పాటల్లో వేయించాం. వాయింపుకు వంక పెట్టలేం. కానీ డప్పు మోగిందంటే పది మంది ఉన్నట్టే. పెళ్లో, చావో, జాతరో, ఏదైనా జనం ఉన్న చోటే. మన కథలో మనిషి ఒంటరిగా గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మొదటి దెబ్బకే ఆ ఒంటరితనం చెదిరిపోయింది.

పైగా సింథ్ మనది కాదన్న బెరుకు నాకు అర్థం కాదు. 1982లోనే ముంబైలో చరణ్‌జిత్ సింగ్ అనే సంగీతకారుడు టీబీ-303 బేస్ సింథ్, టీఆర్-808 డ్రమ్ మెషీన్‌లతో హిందుస్తానీ రాగాలు వాయించి రికార్డు తెచ్చాడు. మన సినిమా పాటలు ఎనభైల నుంచి సింథ్ మోత మీదే పెరిగాయి. నల్లగొండ అమ్మాయి నల్లగొండ మాటలో పాడుతుంటే ఇంకా వేరే ముద్ర ఎందుకు? రెండు పాటల్లోనూ డప్పు తీసేశాం. వాయించినవాళ్ల డబ్బులు వాళ్లకు ఇచ్చేశాం.

తర్వాత పాటల వరుస మార్చి చూశాం. వేగంగా అనిపించేవి ముందుకు, మెల్లగా ఉండేవి వెనక్కి. కథ గందరగోళమైంది తప్ప విసుగు తగ్గలేదు. అన్నీ ఒకే శ్రుతి, ఒకే వేగం అయినప్పుడు ఏది ముందున్నా ఒకటే.

తీసేసిన హమ్‌నే తెచ్చుకోవడం

దారి దొరికింది అమ్మాయి ఫోన్‌లో. మాటల ముక్కల వెనక వేయడానికి పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ గద్దె కంచెకు ఇవతల నిలబడి ఆమె చప్పుడు రికార్డ్ చేసుకుంది. దాన్ని కూడా అబ్బాయి శుభ్రం చేసేశాడు, అంటే చప్పుడంతా పోయి కీచురాళ్లు మిగిలాయి. ఒరిజినల్ పెట్టించి విన్నాను. స్పెక్ట్రమ్‌లో 100 హెర్ట్జ్ దగ్గర గట్టి గీత, పైన 200, 300, 400. ట్రాన్స్‌ఫార్మర్ కోర్ కరెంటు చక్రానికి రెండుసార్లు సాగి ముడుచుకుంటుంది కాబట్టి దాని మోత 50 మీద కాక 100 మీద ఉంటుంది.

100 హెర్ట్జ్ అంటే జీకి దగ్గర, 35 సెంట్లు ఎక్కువ. అంటే సెమీటోన్‌లో (పక్కపక్క స్వరాల మధ్య దూరం) మూడో వంతు. అంత తేడా ఉంటే పాట కింద పెట్టినప్పుడు అపశ్రుతి. హమ్‌ను దించి పాటకు కలపొచ్చు, నిమిషం పని. కానీ కరెంటు గురించిన ఆల్బమ్‌లో కరెంటే శ్రుతి పెట్టె అయితే? నేను అడిగాను, అబ్బాయి కళ్లు మెరిశాయి. సింథ్‌లో మాస్టర్ ట్యూన్ 35 సెంట్లు పెంచాం. 440 ఉండాల్సిన ఏ స్వరం 449 అయింది. అమ్మాయి గొంతు ఆ శ్రుతికి మళ్లీ పాడించాం, ఎలాగూ రివర్బ్ సంగతి ఒకటి సరిచేయాల్సి ఉంది.

ఇందులో ఇంకో లాభం ముందు ఊహించలేదు. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ ఎప్పుడూ ఖచ్చితంగా 50 ఉండదు. నిబంధన ప్రకారమే 49.90కి, 50.05కి మధ్య ఊగుతుంది. గ్రిడ్ 49.95 దగ్గరున్నప్పుడు హమ్ 99.9, మా ప్యాడ్ (సింథ్‌లో సాగి మోగే స్వరం) 100. రెండూ కలిస్తే పది సెకన్లకొకసారి మెల్లగా ఉబ్బి తగ్గే ఊపు వస్తుంది, పై హార్మోనిక్స్‌లో (200, 300 లాంటి గుణిజాల్లో) ఇంకా త్వరగా. ఏ ఎల్‌ఎఫ్‌ఓ (స్వరాన్ని మెల్లగా ఊపే సింథ్ అమరిక) పెట్టకుండానే ప్యాడ్ ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది.

అసలు ఉపయోగం అది కాదు. హమ్ ఆల్బమ్ అంతా సన్నగా నడుస్తుంది. రెండో పాటకల్లా వినేవాళ్లు దాన్ని మరిచిపోతారు. కథలో కరెంటు పోయిన చోట హమ్ ఆగుతుంది, దాంతో పాటు రివర్బ్ కూడా. గొంతు ఒక్కటే, చెవి పక్కన మాట్లాడినంత దగ్గరగా, పొడిగా మిగులుతుంది. ఇంతసేపూ ఏదో ఉండేదని అప్పుడు తెలుస్తుంది. 'కరెంటు పోయింది' అని చెప్పే మాటల ముక్క ఆ క్షణంలో అనవసరమైంది. ఆ లెక్కన ఒక్కో ముక్కనూ అడిగాం: ఇది చెప్పేది చప్పుడులో వచ్చేసిందా? వచ్చిన ప్రతిదీ తీసేశాం. చివరికి మిగిలింది ఒక్కటే, రైతు భార్య ఫోన్‌లో మాట్లాడేది. ఆ మాటలు తానే రాసుకున్నా, ముక్కలు తీసేస్తుంటే అమ్మాయి పెద్దగా అడ్డు చెప్పలేదు. ఉంచాలని పట్టుబట్టింది అబ్బాయే.

చీకట్లో పాడే పాటలకు ఇప్పుడు వేరే శ్రుతి తీసుకోవచ్చు, కింద హమ్ లేదు కదా. కరెంటు ఉన్న పాటలు జీలో, లేనివి స్వేచ్ఛగా. ఒకటి మేజర్‌లోకి (మైనర్ కన్నా సంతోషంగా వినిపించేది) పోయింది. చీకట్లో గట్టు మీద కూర్చుని రైతు తన బిడ్డ పెళ్లి గురించి ఆలోచించే పాట అది. ఆల్బమ్‌లో అతి సంతోషమైన పాట అదే. తర్వాత వచ్చే పాట ఇప్పుడు దుఃఖంగా వినిపిస్తుంది, దానిలో ఒక్క స్వరం మార్చకపోయినా.

రివర్బ్, ఒత్తులు

పొడవాటి రివర్బ్ ఇంగ్లిష్ పాటలో నడిచినంత సులువుగా మన మాటలో నడవదని నా అనుభవం. 'గట్టు', 'కప్ప', 'పక్క' లాంటి మాటల్లో ఒత్తక్షరం ముందు క్షణకాలం నోట్లో గాలి ఆగుతుంది. ఆ చిన్న మౌనమే ఒత్తు. రివర్బ్ తోక వచ్చి ఆ సందును నింపేస్తే మాట మెత్తబడి, ఏమన్నదో తెలియదు. గొంతు మోగుతున్నప్పుడు రివర్బ్‌ను తగ్గించే డకింగ్ పెట్టాం, మామూలు సెట్టింగ్‌తో ఇంకా చెడింది. గొంతు ఆగిన ప్రతి సందులోకి రివర్బ్ ఎగబడుతోంది, ఒత్తు సందుతో సహా. రిలీజ్ టైమ్‌ను (గొంతు ఆగాక రివర్బ్ తిరిగి లేవడానికి పట్టే సమయం) ఒత్తు మౌనం కన్నా బాగా ఎక్కువ, 300 మిల్లీసెకన్లు దాటించాక కుదిరింది. వాక్యం అయిపోయాకే రివర్బ్ పైకి వస్తుంది, మాట మధ్యలో రాదు. ఆ తర్వాత జానపదం మిక్స్‌లలో కూడా ఇదే వాడుతున్నాను.

మోటరు ఎక్కే చోట

ఆల్బమ్‌లో పతాక ఘట్టం కరెంటు తిరిగొచ్చి మోటరు నడవడం. వాళ్లు దానికి సింథ్‌తో కింది నుంచి పైకి లేచే పెద్ద స్వీప్ పెట్టారు, డ్యాన్స్ పాటల్లో డ్రాప్ (బీట్ ఒక్కసారిగా పడే చోటు) ముందు వచ్చేలాంటిది. బాగానే ఉందనుకున్నాం. ఒకరోజు అమ్మాయి నాయిన ఏదో పని మీద టౌనుకొచ్చి గదిలో కూర్చున్నాడు. ఆ చోటు విని నవ్వాడు.

"గట్ల రాదు బిడ్డా. మోటరు బోర్ల ఉంటది, ఎన్ని ఫీట్ల కిందనో. పైన ఇనబడేది ఏముంది, స్టార్టర్ టక్కుమంటది. అంతే. నీళ్లు రావు అప్పుడే. పైపుల గాలి కొడతది, ఉస్సుమంటది. గప్పుడు సూడాలె, నీళ్లొస్తయా రావా అని."

స్వీప్ తీసేశాం. ఇప్పుడు ఆ చోట స్టార్టర్ కాంటాక్టర్ (లోపలి స్విచ్) టక్కుమంటుంది, హమ్ తిరిగొస్తుంది, ఆ తర్వాత కొన్ని బార్ల (తాళం ఆవర్తాల) దాకా ఏమీ జరగదు. తర్వాత గాలి, ఫిల్టర్ చేసిన వైట్ నాయిస్ ఆగి ఆగి. బేస్ దాని తర్వాతే. టెన్షన్ అంతా కరెంటుకు, నీళ్లకు మధ్య ఉన్న ఖాళీలో ఉంది, స్వీప్ దాన్ని దూకేసి పోయింది.

ఆ టక్కు చప్పుడు అబ్బాయికి ఎంత నచ్చిందంటే, అన్ని పాటల్లో స్నేర్‌గా (డ్రమ్ దెబ్బగా) వాడతానన్నాడు. వద్దన్నాను. ముందే పది సార్లు వినిపిస్తే అసలు చోట అది ఇంకో స్నేర్ అయిపోతుంది. కాస్త వాదన జరిగింది. ఆల్బమ్‌లో అది ఒక్కసారే ఉంది.

ఫోన్ స్పీకర్

మన దగ్గర పాట వినేది ఎక్కువగా ఫోన్‌లో. చిన్న స్పీకర్‌లో 100 హెర్ట్జ్ రాదు. ఆల్బమ్ మొత్తం ఆధారపడిన చప్పుడు సగం మందికి అసలు వినపడకపోతే ఇంత పనీ దండుగ. హమ్‌కు కొంచెం శాచురేషన్ (పై హార్మోనిక్స్‌ను పెంచే మెత్తటి డిస్టార్షన్) పెట్టి 300, 400, 500 లను లేపాను. ఆ మూడూ వరుసగా వినపడితే చెవి లేని 100ను తానే ఊహించుకుంటుంది. నా పాత ఫోన్‌లో, ఒక ఆటో స్పీకర్‌లో, అమ్మాయి వాళ్ల ఇంటి టీవీలో విని సరిచూసుకున్నాం.

పాటల మధ్య హమ్ ఆగకుండా నడిస్తే ఇంకో తలనొప్పి. ఎంపీ3 ఎన్‌కోడింగ్ ఫైలు మొదట్లో, చివర్లో కొంత ఖాళీ చేరుస్తుంది, ప్లేయర్ దాన్ని తీసేయకపోతే రెండు పాటల మధ్య హమ్ తెగి టిక్కుమంటుంది. అందుకని పాటల హద్దులను కరెంటు పోయే చోట్లకు, వచ్చే చోట్లకు జరిపాం. అక్కడ తెగినా కథలో భాగమే. పాటలను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కు వేవ్ ఫైళ్లే పంపాం. యూట్యూబ్‌కు మొత్తం ఒకే వీడియోగా, విడి పాటలు వేరే ఎడిట్‌తో. స్పాటిఫైలో ఆల్బమ్‌ను వరుసగా వింటే సౌండ్ లెవెల్‌ను ఆల్బమ్ మొత్తానికి కలిపి సరిచేస్తుంది కాబట్టి చీకటి పాటలను ధైర్యంగా తక్కువ సౌండ్‌లోనే వదిలేశాను. షఫుల్‌లో ఒక్కటే వచ్చినప్పుడు ఆ తేడా పోతుంది, దానికి మనం చేయగలిగింది లేదు.

స్టేజీ మీద

విడుదలయ్యాక మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీ ఫెస్ట్‌లో ఆల్బమ్ మొత్తం వాయించారు. సౌండ్ చూసుకోమని నన్ను తీసుకెళ్లారు. స్టేజీ హమ్‌నే లైవ్‌గా వాడుకుందామని అబ్బాయి సరదా. స్టేజీ జనరేటర్ మీద ఉంది. లోడ్ తక్కువున్నప్పుడు డీజిల్ జనరేటర్ 50 దాటి 52 దాకా పోతుంది, అంటే హమ్ 104, దాదాపు జీ షార్ప్. లైట్లు వేసిన ప్రతిసారీ కిందికి జారుతుంది. వీళ్ల శ్రుతితో ఎక్కడా కలవదు. డీఐ బాక్సులతో స్టేజీ హమ్‌ను పూర్తిగా ఆపేసి, రికార్డ్ చేసిన పొలం హమ్‌నే ల్యాప్‌టాప్ నుంచి వదిలాం. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే ఉంది. స్టార్టర్ టక్కును స్నేర్‌గా వాడాలన్న కోరిక మాత్రం అబ్బాయి ఆ రోజు ఎన్‌కోర్‌లో తీర్చుకున్నాడు.